సంక్రాంతి ఎందుకు జరిగిపోతోంది: మతం, ఖగోళం, దిద్దుబాటు

(ఒక హేతువాద సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కరపత్రంలో నా ప్రసంగం పేరు "మతానికీ విజ్ఞానానికీ యుద్ధం" అని వేశారు. నిర్వాహకులు మన్నించాలి, నేను యుద్ధం గురించి మాట్లాడబోవడం లేదు. యుద్ధం అనగానే మనకి గెలీలియో మోకాళ్ల మీద కూర్చుని "అయినా భూమి తిరుగుతూనే ఉంది" అని గొణుక్కోవడం గుర్తొస్తుంది. విచారణ కాగితాల్లో ఆ మాట ఎక్కడా లేదు. తర్వాతివాళ్లు అతికించింది. మధ్యయుగాల చర్చి భూమి బల్లపరుపుగా ఉందని బోధించింది అంటాం. ఆ రోజుల్లో చదువుకున్న క్రైస్తవ పండితులకి భూమి గుండ్రంగా ఉందని శుభ్రంగా తెలుసు. బ్రూనోని 1600లో రోములో సజీవంగా కాల్చిన మాట నిజమే. కానీ ఆయన మీద మోపిన నేరాల్లో క్రీస్తు దైవత్వం, త్రిత్వం లాంటి మత విషయాలే ముందు వరసలో ఉన్నాయి. మనిషిని ఏ అభిప్రాయానికి కాల్చినా అది దుర్మార్గమే, అందులో రెండో మాట లేదు. అయినా ఎదుటివాడి పుక్కిటి పురాణాల్ని నిలదీసే మనం, మనకి అనుకూలంగా ఉన్నాయి కదా అని కొన్నిటిని చూసీ చూడనట్టు వదిలేస్తున్నాం. అది బాగాలేదు.

అందుకని ఇవాళ నేను తేదీల గురించి మాట్లాడతాను. క్యాలెండరు కంటే చప్పటి విషయం ఇంకోటి లేదనిపిస్తుంది. కాని మతం ఎప్పుడు విజ్ఞానాన్ని పిలిచి పీట వేస్తుందో, ఎప్పుడు గడప దగ్గరే ఆపేస్తుందో అక్కడే బాగా కనపడుతుంది.

వివేకానందుడు ఎప్పుడు పుట్టాడు? 1863 జనవరి 12. యువజన దినోత్సవం చేస్తాం కదా, అందరికీ తెలుసు. ఆయన జీవిత చరిత్రలన్నీ ఇంకో మాట కూడా చెబుతాయి: ఆ రోజు మకర సంక్రాంతి అని. జనవరి 12న సంక్రాంతి ఏమిటి? మనకి 14న గాని 15న గాని కదా వచ్చేది? ఆ చరిత్రకారులు పొరపడలేదు. అప్పట్లో నిజంగానే 12న వచ్చింది. నూట అరవై ఏళ్లలో రెండు రోజుల పైచిలుకు జరిగింది. ఇలాగే జరుగుతూ పోతే ఇంకో వెయ్యి, పన్నెండు వందల ఏళ్లకి మన భోగి మంటలు ఫిబ్రవరిలో పడతాయి.

ఎందుకు జరుగుతోంది? భూమి అక్షం నిదానంగా దిశ మార్చుకుంటోంది. ఒక చుట్టు పూర్తవడానికి దాదాపు 26 వేల ఏళ్లు, అంటే 72 ఏళ్లకి ఒక డిగ్రీ. రుతువులు ఈ అక్షం వాలుని బట్టి వస్తాయి. మన పంచాంగం మాత్రం సూర్యుణ్ణి నక్షత్రాల నేపథ్యంలో కొలుస్తుంది. రెండిటి మధ్య తేడా ఏటా కొంచెం పెరుగుతుంది. సుమారు 1700 ఏళ్ల కిందట సూర్యుడు మకర రాశిలో అడుగుపెట్టడం, ఉత్తరానికి మళ్లడం ఒకే రోజున జరిగాయి. కనుక సంక్రాంతినాడు ఉత్తరాయణం మొదలు అన్నవాళ్లు తప్పు చెప్పలేదు. వాళ్ల కాలానికి అది కళ్లెదుటి సత్యం. ఇప్పుడు ఆ రెండిటికీ 24 రోజుల ఎడం. సూర్యుడు డిసెంబరు 21నో 22నో ఉత్తరానికి తిరిగిపోతున్నాడు. మనం జనవరి 14 దాకా ఆగి పుణ్యస్నానం చేసి "ఇప్పుడు మళ్లాడు" అంటున్నాం.

నన్ను నమ్మనక్కర్లేదు. ఒక మీటరు కర్రని చదునైన నేల మీద నిటారుగా పాతండి. మధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణంలో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. హైదరాబాదులో డిసెంబరు 21న ఆ నీడ దాదాపు 86 సెంటీమీటర్లు ఉంటుంది. అక్కణ్ణించి రోజురోజుకీ తగ్గుతూ సంక్రాంతినాటికి 80కి వస్తుంది. ఆరు సెంటీమీటర్లు. దుర్భిణి అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. ఏడో తరగతి పిల్లవాడు తన స్కూలు ఆవరణలో చూసుకోగలడు.

ఇప్పుడు ఇదే సమస్య ఇంకొకళ్లకి వచ్చినప్పుడు ఏం చేశారో చూద్దాం.

క్రైస్తవులకి ఈస్టరు ముఖ్యం. అది వసంత విషువత్తుని, అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుని, బట్టి లెక్క కట్టాలి. 325లో నికేయాలో మతసభ జరిగిన నాటి లెక్కన విషువత్తు మార్చి 21. కాని అప్పట్లో వాడుకలో ఉన్న జూలియన్ క్యాలెండరులో ఏడాది నిజమైన దానికంటే పదకొండు నిమిషాలు ఎక్కువ. పదకొండు నిమిషాలు ఏపాటి అనిపిస్తుంది. 128 ఏళ్లకి అది ఒక రోజవుతుంది. పదహారో శతాబ్దం వచ్చేసరికి విషువత్తు మార్చి 11కి జారింది. వాటికన్లో ఒక బురుజు గదిలో గోడకి రంధ్రం పెట్టి, నేల మీద గీత గీసి, సూర్యుడి వెలుగు పడాల్సిన చోట పడటం లేదని చూపించే ఏర్పాటు చేశారు. అప్పటి పోప్ పదమూడో గ్రెగరీ. ఆయన గణితవేత్తల్ని పిలిపించాడు. వాళ్లలో క్లావియస్ అనే జెస్యూట్ (ఒక క్యాథలిక్ మతసంఘం) సభ్యుడు ముఖ్యుడు. 1582లో ఆజ్ఞ వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 4 గురువారం తర్వాత రోజు అక్టోబరు 15 శుక్రవారం. పది రోజులు మాయం. ఆ పది రోజుల్లో ఎవరి పుట్టినరోజు ఉన్నా అంతే సంగతులు. (నవ్వులు)

చర్చి పది రోజుల తప్పుని దిద్దుకుంది. దాని కోసం అప్పటికి దొరికే మేలైన ఖగోళ గణితాన్ని వాడుకుంది. అప్పుడు దాన్ని ఎదిరించింది ఎవరు? ప్రొటెస్టంట్లు! లెక్క తప్పని కాదు, చెప్పింది పోప్ అని. ఇంగ్లండు 1752 దాకా ఒప్పుకోలేదు. అప్పటికి పదకొండు రోజులు తీసేయాల్సి వచ్చింది. రష్యా 1918 దాకా ఆగింది. కొన్ని సనాతన (ఆర్థడాక్స్) క్రైస్తవ చర్చిలు ఇప్పటికీ పాత లెక్కలోనే ఉన్నాయి. అందుకే వాళ్ల క్రిస్మస్ మన క్యాలెండరులో జనవరి 7న పడుతుంది.

సరే. 1582లో ఇంత తెలివిగా ప్రవర్తించిన సంస్థే 34 ఏళ్లు తిరక్కుండా, 1616లో, భూమి తిరుగుతుందనడం తాత్వికంగా మూర్ఖత్వం, మతపరంగా అపచారం అని తేల్చింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకం అచ్చయి అప్పటికి 73 ఏళ్లు. దాన్ని "దిద్దేదాకా" ఆపేశారు. 1620లో ఏ వాక్యాలు కొట్టేయాలో, ఎలా మార్చాలో జాబితా ఇచ్చారు. ఇటలీలో మిగిలిన ప్రతులు కొన్నిటిలో ఆ వాక్యాల మీద సిరాతో కొట్టివేతలు ఇప్పటికీ కనిపిస్తాయి. భూమి తిరుగుతుంది అని ఖాయంగా చెప్పిన చోట, తిరుగుతుందని ఊహించుకుంటే లెక్క కుదురుతుంది అన్నట్టు మార్చాలి. గణితం జోలికి పోలేదు, గమనించండి. లెక్కలు కావాలి. ఆ లెక్కలు నిజం అని మాత్రం అనకూడదు.

ఇక్కడ చర్చి తరఫున ఒక వాదం ఉంది, దాన్ని బలంగానే చెబుతాను. కార్డినల్ బెల్లార్మిన్ తెలివితక్కువవాడు కాదు. 1615లో ఆయన రాసిన ఉత్తరం సారాంశం ఇది: భూమి తిరుగుతుందని నిజంగా రుజువైతే, బైబిల్లో అందుకు విరుద్ధంగా కనిపించే వాక్యాలకి మనం జాగ్రత్తగా వేరే అర్థం చెప్పుకోవాలి, కాని అలాంటి రుజువు నాకెవరూ చూపించలేదు. ఆ రోజుకి ఇది తీసిపారేసే మాట కాదు. గెలీలియో గురుగ్రహానికి చంద్రుల్ని చూశాడు, శుక్రుడికి కళలు చూశాడు. 1611లో క్లావియస్ బృందం కూడా దుర్భిణిలో చూసి ఔనంది. కాని అవి భూమి కదులుతుందని నేరుగా రుజువు చేయవు. గెలీలియో తన బ్రహ్మాస్త్రం అనుకున్నది సముద్రపు ఆటుపోట్లని. భూమి తిరుగుడు వల్లే పోటు వస్తుందన్నాడు. అది తప్పు. చంద్రుడి ప్రమేయాన్ని ఆయన కొట్టిపారేశాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రాలు ఏడాదిలో కాస్త అటూ ఇటూ జరిగినట్టు కనపడాలి. దాన్ని బెసెల్ అనే ఖగోళవేత్త కొలిచి చెప్పింది 1838లో.

అయితే చర్చిదే ఒప్పా? ఇక్కడే నా సందేహం మొదలవుతుంది. రుజువు చూపించు అన్నారు, బాగుంది. ఆ నోటితోనే, దాన్ని సమర్థిస్తూ రాయకూడదు, బోధించకూడదు అన్నారు. వెతకడం నేరమైతే రుజువు ఎక్కణ్ణించి రావాలి? 1633 జూన్ 22న, 69 ఏళ్ల ముసలాయన చేత మోకాళ్ల మీద ఒట్టు వేయించి, చచ్చేదాకా ఇంట్లో నిర్బంధించారు. ఆయన సంగతి అందరికీ తెలుసు. నాకు ఇంకో మనిషి గుర్తొస్తాడు. హాలండులో దేకార్త్ అనే తత్వవేత్త, భూమి తిరుగుతుందన్న మాట ఉన్న పుస్తకం ఒకటి దాదాపు పూర్తి చేసి పెట్టుకున్నాడు. రోము వార్త విని దాన్ని అచ్చుకి ఇవ్వకుండా దాచేశాడు. ఆయన్ని ఎవరూ అరెస్టు చేయలేదు, బెదిరించనూ లేదు. అలా సొరుగుల్లో ఉండిపోయిన కాగితాల్ని ఏ కోర్టు రికార్డులోనూ లెక్కపెట్టలేం.

ఇంకా విచిత్రం. గెలీలియోకి శిక్ష పడిన 22 ఏళ్లకి, 1655లో, పోప్ పాలనలోనే ఉన్న బొలోన్యా నగరంలో కసీని అనే ఖగోళవేత్త సాన్ పెత్రోన్యో చర్చిలో పని మొదలుపెట్టాడు. కప్పుకి చిన్న రంధ్రం, నేల నుంచి 27 మీటర్ల ఎత్తున. కింద చలువరాతి నేల మీద దాదాపు 67 మీటర్ల పొడవున గీత. రోజూ మధ్యాహ్నం సూర్యబింబం ఆ గీత మీదుగా దాటుతుంది. వేసవిలో రంధ్రానికి దగ్గరగా చిన్నగా, శీతకాలంలో దూరంగా పెద్దగా పడుతుంది. ఆ బింబం వెడల్పుని ఏడాది పొడుగునా కొలిచి కసీని తేల్చింది ఏమిటంటే, సూర్యుడి వేగం, దూరం మారే తీరు కెప్లర్ చెప్పిన లెక్కకే సరిపోతోందని. కెప్లర్ ఎవరు? కోపర్నికస్ పక్షం వాడు, చర్చి చదవకూడదన్న పుస్తకాల నిషేధ జాబితాలో ఉన్నవాడు. ఇదంతా చర్చి ఆవరణలో, చర్చి మద్దతుతో. కారణం మళ్లీ ఈస్టరే. ఆ గీత ఇవాళ్టికీ అక్కడ ఉంది, వెళ్తే చూడొచ్చు.

కాబట్టి మతసంస్థకి విజ్ఞానం అంటే పడదు అనే మాట నేను ఒప్పుకోను. దానికి విజ్ఞానం కావాలి. తప్పుని దిద్దే అధికారం మాత్రం తన చేతి కిందే ఉండాలి. దిద్దుబాటు పై నుంచి వస్తే సంస్కరణ, కింద నుంచి వస్తే అపచారం. 1582కీ 1616కీ తేడా అంతే. కోపర్నికస్, గెలీలియోల పుస్తకాలు లేకుండా నిషేధ జాబితా వచ్చింది 1835లో. 1992లో రెండో జాన్ పాల్ మాట్లాడుతూ, ఇది రెండు వైపులా ఒకరినొకరు అర్థం చేసుకోలేకపోవడం వల్ల జరిగిన విషాదం అన్నట్టు చెప్పారు. రెండు వైపులా! ఒకడు పీఠం మీద, ఒకడు మోకాళ్ల మీద.

ఇక్కడ మనవాళ్లు చప్పట్లు కొడతారు. "చూశారా, మన దగ్గర ఇలాంటివి లేవు, మన ఆర్యభటుణ్ణి ఎవరూ శిక్షించలేదు" అంటారు. నిజమే, శిక్షించలేదు. మనకి పోప్ లేడు, మతవిచారణ కోర్టు లేదు. మరి ఏం జరిగింది?

ఆర్యభటుడు 499 ప్రాంతంలో చెప్పాడు, భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని. సూర్యుడి చుట్టూ అని కాదు, వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, నక్షత్రాలూ అంతే అన్నాడు. భూమి ఒక ప్రాణ కాలంలో, అంటే నాలుగు సెకన్లలో, ఒక కల (డిగ్రీలో అరవయ్యో వంతు) మేర తిరుగుతుందని లెక్క ఇచ్చాడు. రోజుకి 21,600 ప్రాణాలు, వృత్తానికి 21,600 కలలు. అతికినట్టు సరిపోతుంది. 628లో బ్రహ్మగుప్తుడు ఆ మాటని పట్టుకుని, భూమి తిరిగితే ఎత్తయినవి పడిపోవా అని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే, దాన్ని తప్పుపట్టను. తర్వాతి వ్యాఖ్యాతలు చేసిన పని ఉంది చూశారూ, అది అసలు సంగతి. శ్లోకంలో "భూః" అన్న చోట "భం" అన్న పాఠం వచ్చింది. భూమి పోయి నక్షత్ర మండలం వచ్చింది. మిగతా శ్లోకం చెక్కుచెదరలేదు. భూమి ఆగిపోయింది, ఆకాశం తిరగడం మొదలెట్టింది. రోములో సిరా బాటిలు కావాల్సి వచ్చింది. ఇక్కడ అక్షరంతో పనైపోయింది. (చప్పట్లు)

గ్రహణాల సంగతీ అంతే. భూమి నీడ వల్ల చంద్రగ్రహణం, చంద్రుడు అడ్డు రావడం వల్ల సూర్యగ్రహణం అని ఆర్యభటుడు స్పష్టంగా చెప్పాడు. బ్రహ్మగుప్తుడు గ్రహణాన్ని లెక్క కట్టేది నీడతోనే. కాని రాహువు కారణం కాదనేవాళ్లు శ్రుతి స్మృతులకి విరోధులని మందలించాడు. పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ అనే ముస్లిం పండితుడు ఇది చదివి తెల్లబోయాడు. ఇంత గొప్ప గణితవేత్త తెలిసి తెలిసి ఇలా ఎందుకు రాశాడు, సోక్రటీసుకి పట్టిన గతి తనకీ పడుతుందనే భయమా అని రాసుకున్నాడు. ఆ భయం ఉందో లేదో మనం చెప్పలేం. ఇవాళ మన టీవీ చూడండి. గ్రహణం పట్టు, విడుపు నిమిషాలతో సహా ఖగోళ లెక్కలోంచి తీసుకుంటారు. ఆ నిమిషానికే గుడి తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తి తప్ప. ఆవకాయ జాడీ మీద దర్భ వేస్తారు. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, గ్రహణ మహిమ అని లైవ్ ఇస్తారు. ఆ రోకలి అడుగు చదునుగా ఉంటే మామూలు మంగళవారం కూడా నిలబడుతుందండీ! నీడ లెక్క బ్రహ్మగుప్తుడిది, రాహువూ ఆయనదే.

కానీ మన సంప్రదాయంలోనే ఇంకో గొంతు ఉంది, దాన్ని నేను వదులుకోను. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు ఏమన్నాడంటే, పూర్వ శాస్త్రాల్లో ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో అని ఉంది, అప్పుడు అలా ఉండే ఉంటుంది. ఇప్పుడు మకరం మొదట్లో జరుగుతోంది. తేడా వస్తే ప్రత్యక్షంగా పరీక్షించి తెలుసుకోండి అన్నాడు. అంటే నేను ఇందాక చెప్పిన కర్ర నీడ కొత్తదేం కాదు. మకర సంక్రమణంతో ఉత్తరాయణాన్ని ముడిపెట్టిన మనిషే, ఇది రేపు మారితే చూసి దిద్దుకోండి అని రాసి పెట్టి పోయాడు. మనం ముడిని ఉంచుకుని సలహాని పారేశాం.

స్వతంత్రం వచ్చాక ఒకాయన ప్రయత్నించాడు. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా. ఆయనకి ఢాకాలో ఒక వకీలు తారసపడిన కథ ఆయనే రాశాడు. నక్షత్రాల మీద తన పరిశోధన గురించి సాహా ఉత్సాహంగా చెబుతుంటే, ఆ పెద్దమనిషి "ఇందులో కొత్తేముంది, అన్నీ వేదాల్లో ఉన్నవే" అన్నాడట. ఏ వేదంలో, ఎక్కడ అని అడిగితే, నేను చదవలేదు గాని ఉంటుందని నా నమ్మకం అన్నాడట. "అన్నీ వేదాల్లోనే ఉన్నాయష" అనేది మన తెలుగువాళ్ల సొత్తు అనుకుంటాం, బెంగాల్లోనూ అదే జబ్బు.

1952లో కేంద్రం ఆయన అధ్యక్షతన క్యాలెండరు సంస్కరణ సంఘాన్ని వేసింది. 1955లో నివేదిక వచ్చింది. పౌర వ్యవహారాలకి విషువత్తుని బట్టి నడిచే జాతీయ క్యాలెండరు పెట్టారు. 1957 మార్చి 22 నుంచి అది అమల్లో ఉంది. గెజిట్లోనూ ఆకాశవాణిలోనూ తప్ప ఎవరికీ పట్టదు. పండగల దగ్గర మాత్రం సాహా లాంటివాడు కూడా రాజీ పడ్డాడు. జరిగింది జరిగింది, అయనాంశని, అంటే నక్షత్రాల లెక్కకీ రుతువుల లెక్కకీ మధ్య పెరిగిన ఎడాన్ని, 23 డిగ్రీల 15 నిమిషాల దగ్గర నిలిపేద్దాం, ఇక మీదట జరగకుండా ఉంటుంది అని సంఘం చెప్పింది. పంచాంగకర్తలు ఏం చేశారు? ఆ 23 డిగ్రీల 15 నిమిషాలని కళ్లకద్దుకున్నారు, నిలిపేయమన్న మాటని వదిలేశారు. అక్కణ్ణించి ఏటా పెంచుకుంటూ పోతున్నారు. సాహా అమలు చూడకుండానే 1956లో చనిపోయాడు.

ఈ రోజు వ్యాఖ్యానం దిక్కు మార్చుకుంది, అంతే. పాత వ్యాఖ్యాత విజ్ఞానాన్ని వంచి శాస్త్రంలో ఇరికించేవాడు. కొత్త వ్యాఖ్యాత శాస్త్రాన్ని వంచి విజ్ఞానంలో ఇరికిస్తున్నాడు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో, పిల్లల ముందు, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరే లేచి కౌరవులు మూలకణాలతో, పరీక్షనాళికలతో పుట్టారన్నారు. రావణుడికి 24 రకాల విమానాలున్నాయన్నారు. దీని వల్ల మతానికి లాభం ఏమిటి? ఏదీ దిద్దుకోనక్కర్లేదు. రేపు ఏం కనిపెట్టినా అది ముందే మన దగ్గర ఉంది కదా.

ఇంతటితో ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: అయితే సంక్రాంతిని డిసెంబరు 21కి మార్చుకోమంటారా?)

వద్దండీ బాబూ, మా ఇంట్లోనే ఒప్పుకోరు. (నవ్వులు) సంక్రాంతి మనకి కోతల పండగ. ధాన్యం ఇంటికొచ్చాక, కొత్త బియ్యంతో అరిసెలు వండుకునే పండగ. దానికి జనవరి 14 చక్కగా ఉంది. నా పేచీ పండగతో కాదు, దాని కింద "ఉత్తరాయణ పుణ్యకాల ప్రారంభం" అని అచ్చేసే ఒక్క పంక్తితో. ఏటా విద్వత్సభలు పెట్టి, పూర్వపద్ధతా (పాత సూత్రాల లెక్కా) దృగ్గణితమా (ఆకాశంలో కనపడేదానికి సరిపోయే లెక్కా) అని ఘడియల దగ్గర కొట్టుకుంటారే, ఆ పెద్దలే ఒక ఏడాది కర్ర నీడ కొలిచి ఆ పంక్తి డిసెంబరు పేజీలోకి మార్చవచ్చు. వరాహమిహిరుడి అనుమతి ఉంది కూడా.

(మరొకరు: ఇస్రో వాళ్లే రాకెట్ నమూనా తిరుమల తీసుకెళ్లి స్వామి పాదాల దగ్గర పెడతారు. సూళ్లూరుపేట చెంగాళమ్మకి మొక్కుతారు. వాళ్లని ఏమంటారు?)

ప్రభుత్వ హోదాలో వెళ్లకపోతే బాగుండేదంటాను. అంతకంటే పెద్దగా కోపం లేదు. దండం పెట్టుకోవడం మనిషి ఇష్టం. రాకెట్ పడిపోయాక ఏం చేస్తారన్నదే నేను చూస్తాను. 2021 ఆగస్టు 12న శ్రీహరికోట నుంచి పోయిన జీఎస్ఎల్వీ ఎఫ్10 విఫలమైంది. పై దశలో క్రయోజెనిక్ ఇంజను మండలేదు. వైఫల్యాన్ని విశ్లేషించే కమిటీ వేశారు. ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి చాలలేదు, దానికి కారణం ఒక వెంట్ వాల్వ్ దగ్గర లీకు అని తేల్చి బయటపెట్టారు. ముహూర్తం తప్పిందనలేదు, ఫలానా పూజ లోపించిందనలేదు. ఏ వాల్వో చెప్పారు. 2023 మే నెలలో పోయిన ఎఫ్12 కక్ష్యకి చేరింది.